రంగు ఎంచుకునేలోపే సాయంత్రమైపోతే

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి, గిన్నెలు సర్దేశారు, ఇంట్లోవాళ్లు కునుకు తీస్తున్నారు. వారమంతా ఎదురుచూసిన రెండు గంటలు మీ చేతికొచ్చాయి. దారాల డబ్బా తెరిచారు. గులాబీకి ఏ ఎరుపు వేయాలి? ముదురుదా, కాస్త నారింజ కలిసినదా? ఫోన్ తీసి చూశారు. అందులో గులాబీలు వందల కొద్దీ ఉన్నాయి, ఒక్కోదానిది ఒక్కో ఎరుపు. గులాబీ వద్దులే, మందారం కుడదాం అనిపించింది. మందారం డిజైన్లు వెతికారు. ఇంతలో లోపలి గదిలోంచి టీ అడిగారు. డబ్బా మూసేశారు. గుడ్డ మీద ఒక్క కుట్టూ పడలేదు. ఒళ్లు మాత్రం పని చేసినంత అలిసిపోయింది.

ఇది బద్ధకమా? కానే కాదు. చేతిపనిని సరదాగా మొదలుపెట్టిన చాలామందికి కొన్నాళ్లు గడిచాక ఎదురయ్యే చిక్కే ఇది. ఎంబ్రాయిడరీ, క్రోషే, మగ్గం వర్కు, బట్ట మీద పెయింటింగ్, కాగితం పూలు... ఏదైనా ఒకటే. ఎవరూ గడువు పెట్టలేదు, ఎవరూ మార్కులు వేయరు. అయినా సూది పట్టుకోగానే పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంటుంది. ఆ పరీక్ష పెట్టిందెవరు?

చాలావరకు మనమే. కొంత పాత్ర సామగ్రిది కూడా ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన డీఎంసీ కంపెనీ ఎంబ్రాయిడరీ కాటన్ దారాన్ని 500 రంగుల్లో అమ్ముతోంది. ఒక్కో చుట్టలో 8 మీటర్ల దారం, దారంలో ఆరు పోగులు. రంగు తేలాక ఎన్ని పోగులతో కుట్టాలన్నది తేలాలి. తర్వాత ఏ కుట్టు, ఏ గుడ్డ, ఏ డిజైను. ఇన్ని ప్రశ్నలకు ఒకే మధ్యాహ్నం, ఒకే మనిషి జవాబు చెప్పాలంటే ఎవరికైనా చెయ్యి ఆగిపోతుంది.

మనకు మనం పెట్టుకునే ఒత్తిడి ఎలా మొదలవుతుందో చూడండి. ఒకావిడ తన ఆడపడుచు కూతురికి ఊలు స్వెటర్ అల్లుతున్నారనుకోండి. సరదాగానే మొదలుపెట్టారు. ఫోన్లో మాటల మధ్య, "వదినా, పాప పుట్టినరోజుకి నేనల్లిన స్వెటరే వేయాలి" అనేశారు. ఆ మాట నోరు జారిన రోజు నుంచి స్వెటర్ బాకీ అయి కూర్చుంది. ఇంకొకరు మంచి పట్టు గుడ్డ కొని, దాని మీద కుట్టాలని ఏడాదిగా దాచారు. మీటరు ఖరీదు గుర్తొచ్చినప్పుడల్లా సూది పక్కన పెట్టేస్తారు. మరొకరు నేర్చుకోవడం మొదలుపెట్టిన నెలకే, ఏళ్ల తరబడి అదే పని చేస్తున్నవాళ్ల వీడియో పక్కన తన గుడ్డ పెట్టి పోల్చుకుంటారు. ఆ వీడియోలో విప్పేసిన కుట్లు చూపిస్తారా? గంటల పని అర నిమిషంలో పరుగెత్తిపోతుంది కదా!

ఇక్కడో వింత ఉంది. ఇదే మనిషిని ధనుర్మాసంలో తెల్లవారుజామున వాకిట్లో చూడండి. పదిహేను చుక్కలు, సందు చుక్కలతో ఎనిమిది దాకా పెట్టి, చలిలో ముగ్గు వేస్తుంటారు. ఒక మెలిక తప్పిపోతే చేత్తో తుడిచి మళ్లీ లాగుతారు. ఎదురింటావిడ చూస్తుందన్న బెరుకు ఉండదు. మర్నాడు ఉదయం నీళ్లు చల్లి దాన్నంతా కడిగేసి కొత్తది వేస్తారు. తెలంగాణలో తంగేడు, గునుగు, బంతి పూలతో ఓపిగ్గా పేర్చిన బతుకమ్మను సాయంత్రం ఆడిపాడి నీళ్లలో వదిలేస్తారు. ఎంగిలిపూల నాడు పేర్చిన బతుకమ్మ కాస్త పక్కకు ఒరిగిందని సద్దుల నాడు పేర్చడం మానేసినవాళ్లెవరైనా ఉన్నారా?

అంటే, భయపడకుండా చేసే అలవాటు మన చేతులకు ఎప్పటినుంచో ఉంది. ముగ్గు ఆ రోజుది. గుడ్డ మీద కుట్టు మాత్రం కలకాలం ఉండిపోతుందని, చూసినవాళ్లందరూ దాన్నిబట్టి మనల్ని అంచనా కడతారని లోపల ఎక్కడో అనుకుంటాం. కింది సూచనలన్నీ ఆ ఒక్క ఊహను పలచన చేయడానికే. అన్నీ ఒకేసారి పాటించాలని మళ్లీ అదో ఒత్తిడి పెట్టుకోకండి. మీ చిక్కు ఎక్కడుందో అక్కడ చదివి మొదలుపెట్టండి.

1. ఎంచుకునే రోజు వేరు, కుట్టే రోజు వేరు

ఆదివారం ఆ రెండు గంటలు పోయింది కుట్టడం రాక కాదు. ఎంపికకూ పనికీ ఒకే సమయం కేటాయించడం వల్ల. ఈ రెండింటినీ విడదీయండి. బుధవారమో గురువారమో రాత్రి ఓ ఇరవై నిమిషాలు గడియారం పెట్టుకుని డిజైను, గుడ్డ, దారాలు ఎంచేయండి. సూది, చిన్న కత్తెర, రింగు సహా అన్నీ ఒకే కవర్లో వేసి కట్టేయండి. ఆదివారం ఆ కవరు మాత్రమే తెరవాలి. దారాల డబ్బా అటక మీదే ఉండాలి, ఫోన్ పక్క గదిలో ఉండాలి.

ఇరవై నిమిషాల్లో తేలేదెలా అంటారా? హద్దు పెట్టుకుంటే తేలుతుంది. ఒకే రంగులో ముదురు, మధ్యస్థం, లేత మూడు ఛాయలు, ఆకులకు ఒక ఆకుపచ్చ. అంతే. అదీ కుదరకపోతే బీరువాలోంచి మీకిష్టమైన ఒక గద్వాల చీరో వెంకటగిరి చీరో తీయండి. ఒంటి రంగు, అంచు రంగు, కొంగులో మెరిసే మూడో రంగు తీసుకోండి. ఆ మూడూ కలిసి నప్పుతాయా లేదా అన్న తర్జనభర్జన నేతగాళ్లు ఎప్పుడో ముగించేశారు. వాళ్ల కష్టాన్ని ధైర్యంగా వాడుకోండి.

ఇంకో చిన్న కిటుకు. చుట్టగా ఉన్న దారం ముదురుగా కనిపిస్తుంది. కుట్టాక అదే దారం ఓ ఛాయ తేలిపోతుంది. అందుకే రెండు పోగులు విడదీసి, గుడ్డ మీద పరిచి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద ఎంచుకున్న రంగు పొద్దున్నే వేరేలా కనబడి మళ్లీ మొదటికి రావడం చాలామందికి అనుభవమే.

ఈ దశలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నాలుగు రంగుల ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఏది బాగుంది?" అని అడగడం. పెద్దక్క నీలం అంటుంది, మేనకోడలు గులాబీ రంగు అంటుంది, బాబాయి అన్నీ బాగున్నాయంటారు. మీ ఒక్కరి సందేహం కాస్తా ఇంటిల్లిపాదిదీ అవుతుంది. పైగా ఎవరి మాట వినకపోతే వాళ్లు ఏమనుకుంటారోనన్న కొత్త బెంగ.

చేతిలో ఉన్నదానితోనే సర్దుకుంటే పని నాసిరకంగా వస్తుందేమో అన్న అనుమానం ఉందా? అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే మారుమూల ఊరి నల్లజాతి మహిళల సంగతి వినండి. పొలం పనికి కట్టి చిరిగిపోయిన బట్టలు, మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన ప్యాంట్లు... ఇవే వాళ్ల సరుకు. చలికి కప్పుకోవడానికి వాటిని ముక్కలుగా కత్తిరించి బొంతలు కుట్టారు. ఆ బొంతలే 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, ఆపై న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో గోడలకెక్కాయి. 2006లో అమెరికా తపాలా బిళ్లల మీదా వచ్చాయి. మన ఇళ్లలో అమ్మమ్మలు పాత నేత చీరలు మడతేసి బొంత కుట్టేటప్పుడూ అంతే. ఏ చీర చిరిగితే ఆ రంగు. ఎంచుకునే బాధ లేదు, అయినా ఏ రెండు బొంతలూ ఒకేలా ఉండవు.

2. చెరిపేసే వీలున్న మెట్టు ఒకటి ఉంచుకోండి

నేరుగా సూది దించాలంటే భయమేస్తోందా? ఆ భయం సహజమే. తలపండిన కళాకారులు కూడా నేరుగా దించరు. శ్రీకాళహస్తి కలంకారీ ఎలా చేస్తారో చూడండి. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. దాని మీద ముందుగా చింత పుల్లలు కాల్చిన బొగ్గుతో పలచగా బొమ్మ గీసుకుంటారు. నచ్చకపోతే దులిపేయొచ్చు, మార్చుకోవచ్చు. వెదురు కలం పట్టేది ఆ తర్వాతే. కలంలో ఉండేది కసిమి. తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి దాన్ని తయారుచేస్తారు. అది కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. ఆ నలుపు ఇక చెరగదు. చెరగని గీతకు ముందు చెరిగే గీత ఉంటుందన్నమాట.

మీ పనిలో బొగ్గు ఏది? లేత రంగు గుడ్డకైతే నీళ్లు తగిలితే పోయే నీలం పెన్ను, ముదురు గుడ్డకైతే టైలర్లు వాడే సుద్ద. రెండు జాగ్రత్తలు మాత్రం పాటించండి. నీళ్లతో పోయే పెన్ను గీతను కడగకముందే ఇస్త్రీ చేస్తే మరక గుడ్డకు పట్టేసే ప్రమాదముంది. వేడి తగిలితే మాయమయ్యే పెన్నులతో ఇంకో తంటా. ఆ గీతలు బాగా చలి తగిలినప్పుడు మళ్లీ కనబడవచ్చు. ఏదైనా సరే ముందు గుడ్డ మూల మీద గీసి, కడిగి చూడండి.

క్రోషేలో, స్వెటర్ అల్లికలో ఈ మెట్టు ఇంకా సులువు. నాలుగు అంగుళాల చదరం అల్లి చూసుకుంటే ఆ ఊలూ ఆ సూదీ మీ చేతికి సరిపోతున్నాయో లేదో తేలిపోతుంది. ఈ చదరాన్ని చాలామంది టైము దండగని వదిలేస్తారు. తీరా ముందు భాగం మొత్తం అల్లాక స్వెటర్ పాపకు కాక పాప తండ్రికి సరిపోయేలా తయారవుతుంది.

3. కాగితం మీద లెక్క వేయండి

ఒత్తిడిలో సగం లెక్క తెలియకపోవడం వల్ల వస్తుంది. క్రాస్ స్టిచ్‌నే తీసుకుందాం. బజార్లో ఎక్కువగా దొరికే 14 కౌంట్ ఐడా గుడ్డలో అంగుళానికి 14 గళ్లుంటాయి. పది అంగుళాల చదరపు బొమ్మ, ఖాళీ వదలకుండా నింపాలనుకుంటే 140 గళ్లు అడ్డం, 140 నిలువు. మొత్తం 19,600 కుట్లు. మీ చేతికి గంటకు వంద కుట్లు పడతాయనుకుంటే 196 గంటలు. రోజూ అరగంట కూర్చుంటే 392 రోజులు. ఏడాది పైమాటే!

ఇప్పుడు చెప్పండి, దసరాకి మొదలుపెట్టి సంక్రాంతికి ఫ్రేము కట్టించాలనుకున్న మనిషి ఎందుకు కుమిలిపోయింది? చేతకాక కాదు, ఆ గడువులోనే తప్పుంది. అదే మూడు అంగుళాల చదరమైతే 42 గళ్లు అడ్డం, 42 నిలువు, 1,764 కుట్లు. అదే వేగంతో, అదే అరగంటతో ఐదు వారాలు. బొమ్మలో సగం ఖాళీ ఉంటే ఆ సమయం కూడా సగమే.

మీ అసలు వేగం తెలుసుకోవడానికి ఇరవై నిమిషాలు కుట్టి, కుట్లు లెక్కపెట్టి, మూడుతో గుణించండి. క్రోషే అయితే పది వరుసలకు ఎంతసేపు పట్టిందో చూసుకోండి. ఆ అంకె దొరికాక ఎవరికైనా బహుమతి మాట ఇవ్వాలనిపిస్తే అప్పుడివ్వండి. అసలు మాట ఇవ్వకుండా ఉండటమే మేలు. పూర్తయ్యాక ఇస్తే బహుమతి, ముందే చెప్తే బాకీ. ఎవరైనా నాకొకటి కుట్టి పెట్టమంటే "ఎప్పటికవుతుందో చెప్పలేను అక్కా, అయిన రోజున నేనే తెచ్చిస్తా" అనండి. ఈ మాటతో ఎవరి మనసూ నొచ్చుకోదు, మీ నెత్తిన తారీఖూ ఉండదు.

4. పాడుచేయడానికే ఒక గుడ్డ

పాత దిండు గలీబు ఒకటి చింపండి. దాని మీద చైన్ స్టిచ్, స్టెమ్ స్టిచ్, లేజీ డైజీ, ఫ్రెంచ్ నాట్, ఏది పడితే అది వేయండి. ఇది ఎవరికీ చూపించేది కాదు, ఫ్రేము కట్టించేది కాదు, ఉతికి దాచేది అంతకన్నా కాదు. కొత్త దారం కొన్నప్పుడు, కొత్త కుట్టు నేర్చినప్పుడు ముందు దీని మీదే. ఖరీదైన పట్టు గుడ్డ దాచుకున్నవారికి ఇది మరీ ముఖ్యం. ఆ పట్టు మీద మొదటి కుట్టు మీ జీవితంలో మొదటి కుట్టు కాకూడదు కదా.

ఇక అసలు పనిలో తప్పు దొర్లింది. విప్పాలా, వదిలేయాలా? చాలామంది సాయంత్రాలకు సాయంత్రాలు ఇక్కడే చిక్కుకుపోతారు. కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. తప్పులు రెండు రకాలు. ఒకటి తర్వాతి పనిని కూడా పక్కదారి పట్టించేది. క్రాస్ స్టిచ్‌లో ఒక గడి పక్కకు జరిగితే అక్కడి నుంచి బొమ్మంతా జరుగుతుంది. క్రోషేలో వరుస చివర ఒక అల్లిక వదిలేస్తే అంచు లోపలికి నడుస్తూ పోతుంది. ఇలాంటివి కనబడ్డ క్షణమే విప్పేయండి. వాయిదా వేసే కొద్దీ విప్పాల్సింది పెరుగుతుంది. రెండోది ఉన్నచోటే ఉండిపోయేది. ఒక రేక మిగతావాటికన్నా కాస్త పొడవు, ఒక ఆకులో పచ్చ కొంచెం ముదురు. దీన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూడండి. వెతికితే తప్ప కనబడటం లేదా? వదిలేయండి. కుట్టినవాళ్ల కంటికి అది కొండంత. చూసేవాళ్లకు పువ్వే కనిపిస్తుంది.

విప్పాలనుకుంటే గుడ్డ వెనకవైపు నుంచి, దారాన్ని చిన్న ముక్కలుగా కత్తిరిస్తూ తీయండి. నిద్ర కళ్లతో, కోపంతో మాత్రం వద్దు. అలాంటప్పుడే కత్తెర దారానికి బదులు గుడ్డను కోస్తుంది. క్రోషేవారు అదృష్టవంతులు. ఏ క్షణంలోనైనా వాళ్ల కొక్కెం మీద విడిపోగల ఉచ్చు ఒకటే ఉంటుంది. కొక్కెం తీసి దారం లాగితే వరుసలు వాటంతటవే విడిపోతాయి. ఆ దారం మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి వదులుగా చుట్టి, తడిపి, వేలాడదీస్తే సాపు అవుతుంది. మళ్లీ అల్లుకోవచ్చు. నూగు ఎక్కువగా ఉండే ఊలు మాత్రం విప్పేటప్పుడు చిక్కుపడుతుంది, నిదానించాలి. ప్రతి వరుస మొదటి అల్లికకు ఒక పిన్నీసు తగిలించి, వరుస చివర లెక్క చూసుకుంటే విప్పే అవసరమే చాలావరకు తగ్గుతుంది.

5. సగంలో ఆగిన వాటికి తీర్పు చెప్పండి

మీ ఇంట్లో సగంలో ఆగినవి ఎన్ని? కవర్లలో, సూట్‌కేసు అడుగున, మంచం సొరుగులో. ఒక్కోటీ బీరువా తెరిచినప్పుడల్లా మిమ్మల్ని పలకరిస్తూనే ఉంటుంది. కొత్తది మొదలుపెడదామంటే "ముందు నా సంగతి తేల్చు" అంటుంది. ఒక సెలవు రోజు అన్నిటినీ తీసి మంచం మీద పరచండి. ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని ఒకే ప్రశ్న వేసుకోండి: ఇవాళ చేతిలో ఖాళీ గుడ్డ ఉంటే నేను దీన్నే మొదలుపెడతానా?

అవును అంటే ఉంచండి. కాదు అంటే "ఇంత డబ్బు పోశానే, ఇన్ని నెలలు కూర్చున్నానే" అన్న మాట నోటిదాకా వస్తుంది. ఆ డబ్బూ ఆ నెలలూ మీరు పూర్తి చేసినా తిరిగిరావు, చేయకపోయినా తిరిగిరావు. ఇష్టం లేకుండా ఇంకో ఏడాది పోయడం ఎందుకు? ఊలైతే విప్పి ఉండ చుట్టండి. సగం కుట్టిన టేబుల్ క్లాత్‌లో పూర్తయిన మూల వరకు కత్తిరించి దిండు గలీబు చేయండి. పని మీకు విసుగొచ్చినా సరుకు బాగుందా? కొత్తగా నేర్చుకుంటున్న పక్కింటి అమ్మాయికో, బళ్లో క్రాఫ్ట్ నేర్పే టీచరుకో ఇచ్చేయండి.

ఉంచుకున్నవాటికి ఒక మర్యాద చేయాలి. రింగులోంచి గుడ్డ తీసేయండి, లేకపోతే గుండ్రటి మచ్చ పడి వదలదు. మడత పెట్టకుండా చుట్టండి. కొక్కెం నంబరు, దారం నంబరు, ఎక్కడ ఆపారో ఒక చీటీ మీద రాసి పిన్ను పెట్టండి. ఆరు నెలల తర్వాత తీసినప్పుడు "ఇది ఏ సూదితో అల్లాను?" అని తలపట్టుకునేవాళ్లలో చాలామంది అక్కడే మళ్లీ ఆపేస్తారు.

పూర్తి కాలేదన్న మాట అంత భయంకరమైనదా? 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మేరీ డెలానీ అనే వితంతువు ఉండేది. 1700లో పుట్టింది. 72 ఏళ్ల వయసులో రంగు కాగితాలు సన్నగా కత్తిరించి, నల్లని కాగితం మీద అంటించి పూలు చేయడం మొదలుపెట్టింది. ఒక్కో పువ్వుకి వందల ముక్కలు. వెయ్యి పూలు చేయాలన్నది ఆమె కోరిక. పదేళ్ల తర్వాత చూపు మందగించి ఆపేయాల్సి వచ్చింది. అప్పటికి 985 అయ్యాయి. అవి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగిలిపోయిన పదిహేను గురించి అక్కడ ఎవరూ నిలదీయరు.

6. "అమ్మొచ్చు కదా!" అన్నవాళ్లకు ఏం చెప్పాలి?

"ఇంత బాగా కుడుతున్నావు, బొటీక్ పెట్టెయ్!" ఇది మెచ్చుకోలే. అన్నవాళ్లకు మీ మీద ప్రేమే. కానీ ఆ మాట పడ్డాక చాలామంది గుడ్డ పట్టుకున్నప్పుడల్లా లోపల ఒక కొనుగోలుదారు వచ్చి కూర్చుంటాడు. ఈ రంగు అమ్ముడుపోతుందా? ఇంతసేపు పడితే ఎంత గిట్టుతుంది?

1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు నర్సరీ పిల్లల మీద చేసిన పరిశీలన ఒకటి ప్రచురించారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లల్ని తీసుకుని, కొందరికి బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. ఇచ్చారు కూడా. కొన్నాళ్లకు అవే పెన్నులు పిల్లల ముందుంచితే, ముందే మాట తీసుకున్న పిల్లలు మిగతావారు వేసినంతలో దాదాపు సగంసేపే బొమ్మలు వేశారు. చెప్పకుండా చివర్లో బహుమతి అందుకున్న పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. అంటే చెడగొట్టింది బహుమతి కాదు, దాని కోసమే చేస్తున్నామన్న తలంపు.

ఇక్కడ మన నేల మీది సంగతి ఒకటి గుర్తుచేసుకోవాలి. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా లేసు అల్లుతున్నారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన విద్య అది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ వాళ్ల మధ్య తిరిగి, 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆ స్త్రీలు రోజూ గంటల తరబడి అల్లిన లేసు విదేశాలకు వెళ్లేది. అయినా దాన్ని గృహిణుల తీరిక వేళ వ్యాపకంగానే లెక్కగట్టి, చాలీచాలని కూలి చేతిలో పెట్టేవారని ఆమె చూపించింది. వాళ్లకు గడువు నిజం, కొలత నిజం, కూలి నిజం. తీరిక ఒక్కటే అబద్ధం. మీ పరిస్థితి అది కాకపోతే, నిజంగా దొరికిన తీరికకు లేని గడువూ లేని కొలతా ఎందుకు తగిలించుకోవాలి?

ఇల్లు గడవడానికి డబ్బు కావాలి, అమ్మాలనే ఉంది అంటారా? తప్పకుండా అమ్మండి. అయితే దాన్ని పనిగానే చేయండి. గంటలు రాసుకోండి, దారం ఖర్చుతో పాటు మీ కూలీ కలిపి ధర చెప్పండి, "మనవాళ్లే కదా" అని తగ్గించకండి. దాంతోపాటు, ఎప్పటికీ అమ్మని గుడ్డ ఒకటి మీకోసం వేరే పెట్టుకోండి. అమ్మే ఉద్దేశం లేనివారికి ఒక చిన్న జవాబు చాలు: "అమ్మట్లేదు పిన్నీ, సరదాకే కుట్టుకుంటున్నా." రెండోసారి అడిగినా ఇదే జవాబు.

7. చెయ్యి మొరాయిస్తే పని మార్చండి

న్యూయార్క్ రాష్ట్రంలో ఓ రైతు ఇల్లాలు, 1860లో పుట్టిన ఆనా మేరీ మోసెస్, ఊలుతో గుడ్డల మీద బొమ్మలు కుట్టేది. వయసు మీదపడి వేళ్ల కీళ్లు నొప్పులు పెట్టి సూది పట్టుకోలేకపోయింది. కుంచె పట్టుకోవడం సులువేమో చూడమని చెల్లెలు సలహా ఇచ్చింది. డెబ్బయ్యో పడిలో రంగులు మొదలుపెట్టిన ఆ ముసలమ్మ గ్రాండ్‌మా మోసెస్‌గా పేరు పొందింది. 1940లో న్యూయార్క్ నగరంలో ఆమె బొమ్మల ప్రదర్శన జరిగింది. 101 ఏళ్లు బతికి 1,500కు పైగా చిత్రాలు వేసింది. సూది వదిలేశానన్న బెంగతో ఆమె ఆగిపోలేదు. మెడ పట్టేస్తుంటే, కళ్లు లాగుతుంటే, లేదా ఊరికే మనసు పోవడం మానేస్తే, మీరూ మారొచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ వారం ఇలా మొదలుపెట్టి చూడండి

ఈ రాత్రి ఆరు అంగుళాల పాత గుడ్డ ముక్క ఒకటి కత్తిరించండి. కళ్లు మూసుకుని డబ్బాలోంచి మూడు దారాలు తీయండి. అవునండీ, కళ్లు మూసుకునే. వచ్చిన రంగులు నప్పకపోయినా తిరిగి పెట్టకండి. సూది, రింగుతో సహా కవర్లో కట్టి, మీరు రోజూ కూర్చునే చోట పెట్టండి.

రేపటి నుంచి రోజుకు పదిహేను నిమిషాలు. డిజైను వద్దు. మొదటి రోజు ఒక వంకర గీత, రెండో రోజు దాని పక్కన ఇంకొకటి, మూడో రోజు నాలుగు ముడులు. ఒక రోజు తప్పితే మర్నాడు అరగంట కుట్టి సరిచేయాలనుకోకండి, మళ్లీ పదిహేను నిమిషాలే. ఫోటో తీయకండి. ఎవరైనా "ఏంటది?" అని అడిగితే "ఏమో, ఇంకా తెలీదు" అనండి.

వారం గడిచాక ఆ ముక్కను కిటికీ దగ్గర పెట్టి చూడండి. ఏ కుట్టు వేస్తున్నప్పుడు చెయ్యి దానంతటది కదిలింది, ఏ కుట్టు దగ్గర పళ్లు బిగబట్టారు, ఏ రెండు రంగులు మీరు అనుకోకుండానే పొసిగాయి, ఇవి దాని మీదే కనిపిస్తాయి. వెనక్కి తిప్పి ఒక పేపరు ముక్క మీద రాసి పిన్ను పెట్టండి. విజయవాడ బీసెంట్ రోడ్డుకో హైదరాబాద్ సుల్తాన్ బజారుకో కొత్త దారాలకు వెళ్లేటప్పుడు ఆ చీటీ పర్సులో పెట్టుకుని వెళ్లండి. అందులో ఉన్న రంగులకు జోడీగా ఒక్కటి కొంటే చాలు.